రిజెక్టు పలకలు

"లోపల గోడకు మీ బొమ్మలు తగిలిద్దాం మేడమ్. మీ బడిలో చూపు లేని పాపవి బయట వరండాలో బల్ల మీద పెడదాం. పైన మంచి బ్యానర్ కడతాం, 'దేవుడిచ్చిన బిడ్డ కళ' అని," అన్నాడు సెక్రటరీ ఫోన్లో.

మార్కాపురంలో బొమ్మల ప్రదర్శన పెట్టే ఒక కళాభిమానుల సంఘం ఉంది. ఆయన దానికి సెక్రటరీ. మర్యాదస్తుడు, గొంతు పెంచి మాట్లాడడం ఎరగడు. అలాంటివాళ్ళతో పోట్లాడడం మామూలుగా కష్టం. బ్యానర్ మాట విన్నాక మాత్రం నాకేమీ కష్టమనిపించలేదు.

"మిగతా బిడ్డల్ని ఎవరిచ్చినారు సార్?" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. అన్నీ ఒకే గోడకు పెడితే వస్తామని, లేదంటే నావి కూడా వద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి అన్నం వార్చుకుంటూ ఆయనతో ఇంకా చాలాసేపు పోట్లాడాను. పక్కన ఎవరూ లేకపోయినా నా పోట్లాటలు ఆగవని మా ఇంట్లో అందరికీ తెలుసు.

నేను పుట్టింది మార్కాపురంలో, ఉండేది గిద్దలూరులో. నాయన పలకల ఫ్యాక్టరీలో కోత పని చేసేవాడు. బండ నుంచి విడదీసిన పలకను చేతిలోకి తీసుకుని, వేలి గణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని పగులుందేమో వినేవాడు. ఆయన సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల దాకా బూడిదరంగు దుమ్ము ఉండేది. అమ్మ నీళ్ళు పోస్తూ తిట్టేది. మాకు ఆడుకోవడానికీ, ఇంటి ముందు పరచుకోవడానికీ, కోళ్ళగూడు కట్టుకోవడానికీ పలక ముక్కలే. దొండాకు, బొగ్గు కలిపి నూరి పలకకు పూసి నలుపు తెప్పించడంలో మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీల్లో చాలావరకు మూతబడ్డాయి. ఊరి బయట పలక ముక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. నేను వాటిలోంచి పెద్దవి ఏరుకొచ్చి, అంచులు అరగదీసి, చెక్క చట్రం బిగించి, బలపంతో బొమ్మలు గీస్తాను. రంగులుండవు. నల్ల పలక, బూడిద తెలుపు గీత, అంతే. సన్నటి గీతలు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోతే ఒక్క బొమ్మకు నెలలు పడుతుంది. చెరిగిపోకుండా పైన స్ప్రే కొట్టమని చూసిన ప్రతివాళ్ళూ సలహా ఇస్తారు. నేను కొట్టను. చెరిగే గుణం లేకపోతే అది పలకెట్లా అవుతుంది? అంత భయమైతే కాగితం మీదే వేసుకునేదాన్ని. ఇది మొండితనం అని మా ఆయన అంటాడు. మొండితనమే. నాకున్న ఆస్తి అదొక్కటే, ఎందుకు వదులుకోవాలి?

ఆదివారాలు మా ఇంటి పక్క రేకుల షెడ్డులో బొమ్మల బడి నడుపుతాను. ఎవరైనా రావచ్చు. చెవులు వినపడని ఒక కొత్త కోడలు వస్తుంది. కుడిచేయి స్వాధీనంలో లేని ఒక టికెట్ల గుమాస్తా వస్తాడు. మామూలు బడిపిల్లలు వస్తారు. ఒక్కటే షరతు, అందరూ ఒకే చాప మీద, కలిసి కూర్చోవాలి. వీళ్ళకొక మూల, వాళ్ళకొక మూల అనేది నా షెడ్డులో లేదు. మొదట్లో ఒకావిడ తన కొడుకును చేయిపట్టుకుని లేపి తీసుకుపోయింది. "ఈ పిల్లోళ్ళ పక్కన కూర్చోబెడితే మావోడు ఏం నేర్చుకుంటాడు?" అంది. "మీకంటే ఎక్కువే నేర్చుకుంటాడు, పోయిరండి," అన్నాను. ఆవిడ ఇప్పటికీ బజారులో కనిపిస్తే మొహం తిప్పుకుంటుంది. నేను మాత్రం పలకరిస్తాను, అదొక సరదా.

ఇక ఆ అమ్మాయి సంగతి. రాచర్ల దగ్గర ఒక పల్లె నుంచి వస్తుంది. గొర్రెలు కాసుకునే ఇల్లు. పద్నాలుగేళ్ళు ఉంటాయి, పుట్టుకతోనే చూపు లేదు. మా బడిలో అందరూ నన్ను అక్కా అంటారు, ఆమె కూడా అంతే. వాళ్ళ అవ్వ ఆటోలో తీసుకొచ్చి, షెడ్డు గడపలో కూర్చుని కునుకు తీసేది.

ఆమెకు మొదట మట్టి ఇచ్చాను. మంచిగా చేసింది కానీ ముఖంలో ఏ ఉత్సాహమూ లేదు. ఒకరోజు నేను పలక మీద గీసుకుంటుంటే వచ్చి పక్కన కూర్చుంది. "ఏంది గీస్తున్నావు?" అంది. నల్లమల కొండ వరస అని చెప్పాను. వేళ్ళు పలక మీద పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపింది. వేళ్ళకు తెల్లటి పొడి అంటుకుంది, సగం కొండ చెరిగిపోయింది.

"ఏం లేదు గదక్కా ఈడ," అంది.

"ఉంది. నీ చేతికి తెలియదు," అన్నాను.

"అయితే నీ బొమ్మలు నాకు లేనట్టే."

ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. ఎండగా ఉంది అన్నట్టు చెప్పింది. నాకు మాత్రం చురుక్కుమంది. చట్రాలు బిగించే మేకుల డబ్బాలోంచి ఒక పొడుగాటి మేకు తీసి ఆమె చేతిలో పెట్టాను, ఒక రిజెక్టు పలక ఒళ్ళో పెట్టాను. రిజెక్టు అంటే మా ఫ్యాక్టరీల మాట. గీత పడిన పలక, అంచు విరిగిన పలక, మూటకట్టడానికి పనికిరాని పలక. మేకుతో గట్టిగా గీస్తే పలకలో గాడి పడుతుంది. వేలికి తెలుస్తుంది.

ఆ పిల్ల ఆ రోజు ఇంటికి పోతానంటే ఒట్టు. అవ్వ ఆటో పోతోందని అరిచినా లేవలేదు.

ఆమె గీసింది పువ్వులూ కొండలూ కాదు. గొర్రె చెవులు. గొర్రెలు కాసేవాళ్ళు తమ మందను గుర్తుపట్టడానికి పిల్లగా ఉన్నప్పుడే చెవికి గాటు పెడతారు. ఒక్కో ఇంటికి ఒక్కో గాటు. ఒకరిది చెవి కొసన చీలిక, ఒకరిది అంచున సగం చందమామ లాంటి కోత. మందలు కలిసిపోతే చెవి పట్టుకుని చూసి ఎవరివి వాళ్ళు విడదీసుకుంటారు. ఈ పిల్ల చూడకుండానే విడదీస్తుంది. చిన్నప్పటి నుంచి ఆమె చేతులు చదువుకున్నది ఆ చెవులే. పలక నిండా చెవి, చెవిలో నరాలు, అంచున మెత్తటి బొచ్చు, ఆ బొచ్చులో గాటు. ఒక్కో చెవి ఒక్కో తీరున వంగి ఉంటుంది. ఒకటి ఈగను తోలుకుంటున్నట్టు, ఒకటి నిద్రపోతున్నట్టు. నేను నిజంగా అసూయపడ్డాను. ఆ మాట దాచుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

"నువ్వు గూడా మేకుతోనే గీయరాదా అక్కా," అని అప్పటి నుంచి నా వెంటపడింది.

"బడి బడే, నా పని నా పనే. నీకు మేకు, నాకు బలపం," అనేదాన్ని. ఆమె మూతి ముడుచుకునేది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ మొండివాళ్ళో షెడ్డులో ఎవరికీ తేలలేదు.

ఇంతలో వాళ్ళ అవ్వకు మోకాళ్ళు పట్టేశాయి. తోడు వచ్చేవాళ్ళు లేరు. వాళ్ళ నాయన ఒకరోజు తానే తీసుకొచ్చాడు. భుజాన దుప్పటి, చేతిలో గొర్రెలు తోలే కర్ర. షెడ్డు లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మా, మందను ఇడిసిపెట్టి ఆదివారం ఆదివారం రావడం నా వల్ల గాదు. దీనికి చూపే లేకపాయె, బొమ్మలతో ఏం పని? మానిపిద్దామని వచ్చినా," అన్నాడు.

ఆ పిల్ల మేకు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

మార్కాపురంలో ప్రదర్శన ఉందని, ఆమె పలకలు గోడకు పెడతారని, ఊళ్ళో జనం వచ్చి చూస్తారని నేనే గబగబా చెప్పేశాను. అప్పటికి సెక్రటరీ ఇంకా ఒప్పుకోలేదు.

"గోడకా? పెద్దోళ్ళ బొమ్మల పక్కనా?" అన్నాడు.

"నా బొమ్మల పక్కనే."

కాసేపు కర్రతో నేల గీరాడు. "సరే. నేనొచ్చి చూస్తా. చూసినాక చెప్తా, పంపేదీ మానిపించేదీ," అన్నాడు.

కాబట్టి సెక్రటరీతో పోట్లాటలో నేను ఓడిపోవడానికి వీల్లేదు. మళ్ళీ ఫోన్ చేశాను. మార్కాపురం వెళ్ళి ఆయన దుకాణంలోనే కూర్చున్నాను. జనం జాలిపడి ఎక్కువసేపు నిలబడాలంటే బ్యానర్ ఉండాలన్నాడాయన. జాలిపడేవాళ్ళు త్వరగా పోతే నాకు మరీ మంచిదన్నాను. చివరికి ఆయన చేతులెత్తేశాడు. కల్యాణ మండపంలో ఎడమ గోడ మొత్తం మాకు. బ్యానర్ లేదు, బల్ల లేదు. ప్రతి పలక కింద పేరు, ఊరు, అంతే. ఎవరికి ఏమి లేదో రాయకూడదు.

నేను ఆ గోడకు పెట్టాలనుకున్నవి నాయన చేతులు. గీయడానికి ఏడాదంతా పట్టింది. పలకను తట్టి వినే చేయి, బీడీ పట్టుకున్న చేయి, అన్నం కలిపే చేయి. కుడి బొటనవేలికి సగం గోరు లేదు, మిషన్ తీసేసింది. నాయన పోయినాక ఫోటోల్లో ముఖం ఉంది కానీ చేతులు ఎక్కడా లేవు. నా జ్ఞాపకంలో ఉన్నవే బలపంతో పలక మీద పెట్టాను.

ముందురోజు సాయంత్రం పలకలన్నీ మండపంలో గోడ పక్కన వరసగా ఆనించి వచ్చాను. పొద్దున్నే వచ్చి తగిలిద్దామనుకున్నాను.

పొద్దున వెళ్ళేసరికి పలకలు తళతళ మెరుస్తున్నాయి. నల్లగా, శుభ్రంగా, అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు. నాయన చేతులు లేవు.

మండపం ఊడ్చే పెద్దావిడ పక్కనే బకెట్టు, తడిగుడ్డతో నిలబడి ఉంది. నన్ను చూసి సంతోషంగా నవ్వింది. "ఎవరో పిల్లోళ్ళు అంతా గీసిపెట్టినారు తల్లీ. శుబ్బరంగా కడిగినా. నేను ఇరవై ఏండ్లు పలకల ఫ్యాక్టరీలో కడుగుడు పనే చేసినా. మురికి పలక బయటికి పోతే మేస్త్రి ఊరుకుంటాడా?" అంది.

ఆవిడను ఏమనాలి? ఈ ఊళ్ళో గీత ఉన్న పలక కనిపిస్తే చేయి దానంతటదే తుడుస్తుంది. నాయన కూడా తుడిచేవాడే. అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాను. నాకు దుఃఖం, కోపం రెండూ ఒకేసారి వస్తాయి, ఏది ఏదో నాకే తెలియదు.

అప్పుడు గుర్తొచ్చింది. "పెద్దమ్మా, ఇంకొన్ని పలకలు ఉండాలే. చెవుల బొమ్మలు."

"అవా? ఎంత రుద్దినా పోలేదమ్మా. లోతుగా గీతలు పడినాయి, పాడైపోయినాయి. రిజెక్టు గదా అని వంటశాల ఎనక ఏసినా."

పరిగెత్తాను. విస్తరాకుల పక్కన, మసి గిన్నెల మధ్య, ఆ పిల్ల పలకలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒకదాని చట్రం ఊడింది. ఒక్క చెవి కూడా చెరగలేదు. తడికి పలక ఇంకా నల్లబడి, గాడుల్లో ఉన్న బూడిదరంగు ఇంకా బాగా తేలింది. నేను వాటిని కొంగుతో తుడుచుకుంటూ లోపలికి మోసుకొస్తుంటే ఆ పెద్దావిడ కూడా వచ్చి పట్టుకుంది. ఏం జరిగిందో అర్థమైనట్టుంది. చట్రం ఊడిన పలకను రెండు చేతులా పదిలంగా పట్టుకుని నా వెనక నడిచింది.

సెక్రటరీ వచ్చాడు. తల పట్టుకున్నాడు. నిజంగానే బాధపడ్డాడు, అందులో అబద్ధం లేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "మేడమ్, మీ బొమ్మలే లేనప్పుడు ఈ గోడకు ఏం పెడతాం? గెస్టు గారు మీవి చూడడానికే వస్తున్నారు. పాప పలకలు వరండాలో బల్ల మీద పెడదాం. ఇక్కడ మేము పోస్టర్లు కట్టుకుంటాం."

"నా పలకలు కూడా గోడకే పెడతాను," అన్నాను.

"వాటిలో ఏముంది మేడమ్?"

"ఏమీ లేదు. కడిగిన పలకలు. మార్కాపురంలో ఇంతకంటే నిజమైన బొమ్మ ఏముంటుంది సార్?"

ఆయన వాదించబోయాడు. నేను సుత్తి తీసుకున్నాను. నా ఖాళీ పలకలను అటూ ఇటూ పెట్టి, మధ్యలో ఆ పిల్ల చెవులు పెట్టాను. కళ్ళ ఎత్తున కాదు, చేతికి అందే ఎత్తున. ఒక అట్టముక్క మీద 'ముట్టుకుని చూడండి' అని రాసి తగిలించాను. నా పలకల కింద నా పేరు ఉన్నది ఉన్నట్టే ఉంచాను. "జనం నవ్వుతారు మేడమ్," అన్నాడు సెక్రటరీ. నవ్వనివ్వండి అన్నాను.

ఆ పిల్లా, వాళ్ళ నాయనా గిద్దలూరు నుంచి బస్సులో వచ్చారు. పిల్లకు నూనె రాసి జడ వేసి ఉంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు కానీ దుప్పటి వదలలేదు. మండపంలో అప్పటికే జనం ఉన్నారు. ఖాళీ పలకల ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి గుసగుసలాడుతున్నారు. నేను తండ్రీకూతుళ్ళను తీసుకెళ్ళి గోడ ముందు నిలబెట్టాను.

ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత కర్ర చంకలో పెట్టుకుని, చేయి చాచి, వేళ్ళు పలక మీద పెట్టాడు. అంచు వెంట నెమ్మదిగా నడిపి గాటు దగ్గర ఆగాడు.

"ఇది మనదే," అన్నాడు. రెండో పలక ముట్టుకున్నాడు. "ఇది మీ మామోళ్ళది." మూడో దాని దగ్గర తడుముకున్నాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమాడు. "ఇదేందిరా, ఇది మన గాటే, కానీ చెవి వేరే ఉండాది."

"నిరుడు వానకు సచ్చిపోయినదాని చెవి నాయనా. వంకర చెవిది," అంది పిల్ల.

ఆయన ఆ పలక మీద చేయి అట్లాగే ఉంచి నిలబడిపోయాడు. వెనక జనం పోగయ్యారు. త్రిపురాంతకం వైపు నుంచి వచ్చిన ఒక రైతు తన చేయి కూడా పెట్టి చూశాడు. ఆ తర్వాత ఆడవాళ్ళు, తర్వాత పిల్లలు. జాలి మాట ఒక్కరి నోటా రాలేదు. ఆ చెవి ఏ పల్లెవాళ్ళదో తేల్చుకునే వాదనలో పడిపోయారు.

కాసేపటికి ఆయన నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, దాని మేకు మొండి అయిపోయింది. వచ్చే ఆదివారం నేను కొత్తది కొట్టించుకుని తెస్తా," అన్నాడు. అంతే. నేను తల ఊపాను.

గెస్టు గారు వచ్చారు. మైకు ముందు కూర్చోబెట్టారు. ప్రసంగం మొదలైంది. పిల్ల మాత్రం గోడ దగ్గరే ఉంది. నా పలక మీద చేయి పెట్టి నునుపుగా జారుతుంటే మొహం చిట్లించింది.

"ఇది నీదా అక్కా? దీంట్లో ఏముండె?"

"మా నాయన చేతులు. తుడిచేశారు."

"నే చెప్తే విన్నావా? మేకుతో గీయమంటి." గొంతులో విసుగు, దాని వెనక బాధ. పావడా మడతలోంచి ఆ మొండి మేకు తీసి నా వైపు చాచింది. "ఇప్పుడు గీయి."

పలకను గోడ నుంచి దించాను. కిందనే కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఏళ్ళ తరబడి బలపం పట్టిన చేయికి మేకు బరువు కొత్త. గట్టిగా అదిమి లాగాను. పళ్ళు జివ్వుమనే కీచు శబ్దం మండపమంతా వినబడింది. మైకులో మాట ఒక్క క్షణం ఆగి మళ్ళీ సాగింది. నేను మళ్ళీ లాగాను. ముందు వరసలో తలలన్నీ ఇటు తిరిగాయి. పిల్ల నా పక్కన చతికిలబడి, గాడి వెనకే తన వేలు నడిపిస్తోంది. గాడి సగం గోరు దగ్గర తెగి ఆగితే ఆమె వేలు కూడా ఆగింది.

"ఈడ గోరు లేదు," అంది.

"లేదు. మిషన్ తీసింది."

సెక్రటరీ వంగి వంగి వచ్చాడు. "మేడమ్, గెస్టు గారు మాట్లాడుతున్నారు. దయచేసి ఆపండి," అన్నాడు.

"ఆపొద్దక్కా," అంది పిల్ల. "నీ బొమ్మ ఇప్పుడే వచ్చింది నాకు. ఇంకా నాలుగు వేళ్ళుండాయి."

నేను మేకు మళ్ళీ పలకకు ఆనించి, చూపుడువేలు మొదలుపెట్టాను.